ఆక్సిజన్ గడిలో ఇసాక్ రాసిన మాట

సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు నయమా, గుమ్మడిదల వైపు నయమా అని అడుగుతారు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ ఉద్యోగం హెల్మెట్లు పంచడం కాదు. గోడల మీద నినాదాలు రాయించడం కాదు. ఇంకొక మనిషి ప్రాణం మీద నువ్వు సంతకం పెడతావు. పెట్టే ముందు చూశావా, లేదా? అంతే ఈ ఉద్యోగం. మిగతాదంతా వేషం.

ఈ సంగతి నాకు నౌకరీ చివర్లో గాని తెలిసిరాలేదు. తెలియజెప్పినవాడు మా ఫ్యాక్టరీ మురికినీటి ప్లాంటులో పనిచేసే ఇసాక్ అనే క్రైస్తవుడు. నేను దేవుణ్ణి నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది. అందుకే రాయకుండా ఉండటం ఇంకా తప్పు.

కొబ్బరికాయ ముందు, గ్యాస్కెట్ తర్వాత

మాది మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. నేను సేఫ్టీ ఆఫీసర్‌గా చేరిన కొత్తలో ఒక రియాక్టర్ మూత దగ్గర మంట లేచి ఒక ఆపరేటర్ రెండు చేతులూ కాలాయి. మూత సందు మూసే గ్యాస్కెట్ పాడైందని, మార్చమని, అతనే పది రోజుల నుంచి చెబుతున్నాడు. మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి కొబ్బరికాయలు వచ్చాయి, హోమగుండానికి ఇటుకలు వచ్చాయి. కొత్త గ్యాస్కెట్ మాత్రం మూడు నెలలకు వచ్చింది.

కొన్నేళ్లకు శ్రీధర్ గారు వర్క్స్ మేనేజర్‌గా వచ్చారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. ఒక్క హోమం చేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని ఆయన దాన్ని సర్వమత ప్రార్థనగా మార్చారు. పంతులు గారు, మౌల్వీ సాబ్, పాస్టర్ గారు, ముగ్గురికీ శాలువాలు, ముగ్గురికీ భోజనాలు. మూడు మతాల వాళ్లు కలిసి ప్రార్థించినా మురికినీటి ప్లాంటులో ట్యాంకులోకి గాలి కొట్టే రెండో బ్లోవర్ మాత్రం రాలేదు. మొదటిది నడిస్తే నడిచేది, లేకపోతే లేదు.

నా కోపం నమ్మేవాళ్ల మీద కాదు. ఎనిమిది గంటలు ఆమ్లాల మధ్య నిలబడే మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు, పట్టుకోనివ్వండి. నా కోపం ఆ ప్రార్థనలు చేయించేవాళ్ల మీద. "భారం దేవుడి మీద వేయండి" అనేవారు శ్రీధర్ గారు, ప్రతి ప్రార్థన చివర. అయ్యా, ఆ భారం దేవుడిది ఎప్పుడైంది? చట్టం దాన్ని మీ నెత్తిన పెట్టింది. మీరు దించుకుని దేవుడి నెత్తిన పెడుతున్నారు, ఆయన ఏమీ అనడు గనక.

ఆ ప్రార్థనల్లో పాస్టర్ గారి ప్రసంగం శ్రీధర్ గారికి ప్రత్యేకంగా నచ్చేది. పటాన్‌చెరులో ఒక సందులో రేకుల షెడ్డు ఆయన మందిరం. ఆ రేకులు మా ఫ్యాక్టరీ పాత గోదాము విప్పినప్పుడు వచ్చినవి, శ్రీధర్ గారు ఉచితంగా పంపినవి. పాస్టర్ గారు ఎప్పుడూ రెండే మాటలు చెప్పేవారు: విశ్వాసం, విధేయత. దేవుని మీద విశ్వాసం, దేవుడు మనపైన నియమించిన పెద్దల మీద విధేయత. రెండో మాట దగ్గర శ్రీధర్ గారి తల చక్కగా ఊగేది.

ఒకసారి భోజనాల దగ్గర నేను ఆ పాస్టర్ గారిని పట్టుకున్నాను. మా నాన్న చిన్నప్పటి నుంచీ నన్ను సంస్కరణ సభలకు తిప్పినవాడు. వాదించడం నాకు అన్నం తినడంతో సమానం. "పెద్దల్ని దేవుడే నియమిస్తే పాడైన బ్లోవర్‌ని కూడా ఆయనే నియమించాడా?" అని అడిగాను. ఆయన నవ్వి పెరుగు వడ్డించుకున్నారు. నేను గెలిచానని అందరూ అన్నారు. గెలిచి ఏం చేశాను? నా గదికి వెళ్లి ఫ్యాన్ వేసుకున్నాను.

యేసయ్య వాచ్‌మన్

ఇసాక్‌ది జోగిపేట దగ్గర పల్లె. తాత నాటి నుంచే క్రైస్తవులు. కూలి చేసుకుని బతికిన ఇల్లు. ఏడో తరగతితో చదువు ఆగింది. మా ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు కింద చేసి, ఆ తర్వాత పర్మనెంట్ అయ్యాడు. ఆ పర్మనెంట్ అనే మాట విలువ ఈ చుట్టుపక్కల బతికినవాళ్లకే తెలుస్తుంది.

నచ్చే మనిషి అని చెప్పను. ముభావంగా ఉండేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే క్యాంటీన్ మొత్తం వినేలా అరిచేవాడు. ఎవరికీ ఏదీ వివరించేవాడు కాదు. తోటివాడు ఆలస్యంగా వస్తే అతని హాజరు కార్డు పంచ్ చేయడం మా దగ్గర స్నేహధర్మం. ఇసాక్ చేసేవాడు కాదు. ఒక జత గ్లవ్స్ తీసుకుని రెండు జతలకు సంతకం పెట్టమంటే పెట్టేవాడు కాదు. అందరూ అతన్ని యేసయ్య వాచ్‌మన్ అని పిలిచేవారు.

"ఏం ఇసాకన్నా, మీ యేసయ్య హాజరు బుక్కు గూడ చూస్తడా?" అని ఒకడు క్యాంటీన్‌లో అడగడం నేను విన్నాను.

"బుక్కు చూడడు తమ్మీ. నన్ను చూస్తడు" అని ఇసాక్ పప్పు కలుపుకున్నాడు.

ట్యాంకు పని ఉన్న రోజు అతను రెయిలింగ్ పట్టుకుని అర నిమిషం కళ్లు మూసుకునేవాడు. తర్వాత తాడు లాగి చూసేవాడు, బ్లోవర్ గాలికి చేయి అడ్డం పెట్టి చూసేవాడు, గ్యాస్ మీటర్‌ను తాడుకు కట్టి ట్యాంకులోకి దించి పైన, నడుమ, అడుగున అంకె చూసేవాడు. ఇవన్నీ రూల్‌లో ఉన్నవే. చేసేవాడు మాత్రం అతనొక్కడే. నేను అతని వెనకాల నిలబడి, పక్కవాళ్లు నవ్వాలని, ఒకసారి అడిగాను:

"ఏం ఇసాక్, ప్రార్థన చేసినవు గద. ఇగ మీటర్ ఎందుకు? నీ ప్రభువు ఆక్సిజన్ పంపడా?"

"పంపిండు సార్. అది ట్యాంక్ లోపటి దాక వచ్చిందో లేదో చూసుడు నా పని."

పక్కవాళ్లు నవ్వారు. నా మీదా అతని మీదా అర్థం కాలేదు. నేను దాన్ని చమత్కారం అనుకుని వదిలేశాను. అది అతని మతం మొత్తం అని నాకు తట్టలేదు.

ఇరవై పాయింట్ తొమ్మిది

ఇక నా తప్పు చెప్పాలి. ఈ వ్యాసం దానికోసమే.

మూసి ఉన్న ట్యాంకులోకి మనిషి దిగాలంటే ఎంట్రీ పర్మిట్ అనే కాగితం ఉండాలి. దాని మీద ఆక్సిజన్ ఎంత, విషవాయువు ఎంత అని గడులుంటాయి. ట్యాంకు దగ్గర నిలబడి కొలిచినవాడు ఆ గడులు నింపాలి. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి, చూసి, కింద సంతకం చేయాలి. అప్పుడే మనిషి దిగాలి. మురికినీటి ట్యాంకు అడుగున బురద ఉంటుంది. దాన్ని కదిలిస్తే వాయువు లేస్తుంది. దిగినవాడు పడిపోతే, కాపాడబోయినవాడు అతని మీద పడతాడు. ఒక్క చావుతో ఆగదు.

మరి మా దగ్గర జరిగేదేమిటి? నేను పొద్దున తొమ్మిదింటికి వచ్చి పది పన్నెండు ఖాళీ పర్మిట్ల మీద వరసగా సంతకాలు పెట్టి షిఫ్ట్ గది సొరుగులో వేసేవాడిని. శని, ఆదివారాలకు కలిపి ఇంకొన్ని. నేను మీటింగుల్లో ఉంటే పని ఆగకూడదని. మొదట శ్రీధర్ గారు అడిగారు, "మీ కోసం ఎదురుచూస్తే ప్రొడక్షన్ నడవదండీ" అని. కొన్నాళ్లకు ఆయన అడగడం మానేశారు, నేను పెట్టడం మానలేదు. పైగా సూపర్‌వైజర్లకు బాధ్యత నేర్పుతున్నానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

స్వచ్ఛమైన గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై పాయింట్ తొమ్మిది. మా పాత పర్మిట్ల కట్టలు విప్పితే గడి గడిలో అదే అంకె. వానాకాలమైనా ఎండాకాలమైనా, ట్యాంకు ఏదైనా, ఇరవై పాయింట్ తొమ్మిది. అన్ని ట్యాంకుల్లోనూ ప్రతిరోజూ కొండమీది గాలి ఉంటుందా? నేను ఆ కట్టల్ని చూశాను. చూసి ఫైలు చేశాను. తాయెత్తు కట్టుకుంటే రోగం రాదు అనేవాణ్ణి నేను సభల్లో చీల్చి చెండాడేవాణ్ణి. ఆ అంకె మా ఫ్యాక్టరీ తాయెత్తు. కట్టినవాణ్ణి నేను.

ఆదివారం

రిటైర్మెంట్‌కు మూడేళ్ల ముందు సంగతి. సరుకు కొనే కంపెనీ తరఫున సోమవారం తనిఖీకి వస్తారని కబురు. మురికినీటి ప్లాంటు కూడా చూస్తారట. ఒక ట్యాంకు అడుగున బురద పేరుకుని ఉంది. ఆదివారమే తీయించాలని శ్రీధర్ గారు హుకుం వేశారు.

ఆ సాయంత్రం నేను సంగారెడ్డిలో ఒక హాల్లో హేతువాదుల సభలో మాట్లాడుతున్నాను. అంశం చెప్పడానికి సిగ్గుగా ఉంది: పరీక్షించకుండా నమ్మకండి. మధ్యలో ఫోన్ మోగుతూనే ఉంది. దిగి ఎత్తాను. షిఫ్ట్ ఇన్‌చార్జి మహిపాల్.

"సార్, జెర జల్దీ రావాలె. ఇసాక్ ట్యాంక్ మూత మీద కూసున్నడు. లేస్తలేడు."

"ఎందుకు?"

"మీటర్ నడుస్తలేదు సార్. సెన్సార్ పోయింది. పర్మిట్ల ఇరవై పాయింట్ తొమ్మిది రాయి, కాంట్రాక్టోళ్లు దిగుతరు అన్న. రాయ అంటడు. నేనే రాస్త అంటే మూత మీద కూసున్నడు. శ్రీధర్ సార్ గూడ వచ్చిండు. మస్తు గరం మీదున్నడు."

నేను వెళ్లేసరికి ఎండ దిగుతోంది. కాంక్రీటు ట్యాంకు పైకప్పు మీద, మనిషి దిగే గుండ్రటి ఇనుప మూత మీద ఇసాక్ కూర్చుని ఉన్నాడు. మందిరం నుంచి నేరుగా రెండో షిఫ్టుకు వచ్చినట్టున్నాడు, యూనిఫాం కింద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కాలర్ కనిపిస్తోంది. చచ్చిన మీటర్ ఒళ్లో ఉంది. పక్కన ముగ్గురు కాంట్రాక్టు కూలీలు, బిహార్ వాళ్లు, పారలు పట్టుకుని నిలబడ్డారు. రోజూ దిగేవాళ్లమే, ఏమీ కాదు, దిగకపోతే హాజరు పోతుందని వాళ్లలో పెద్దవాడు ముఖేష్ బతిమాలుతున్నాడు:

"రోజ్ తో ఉతర్తే హై భయ్యా. కుఛ్ నహీ హోతా. హాజిరీ కట్ జాయేగీ."

"బైఠో ముఖేష్. చాయ్ పీలో" అన్నాడు ఇసాక్, కదలకుండా.

శ్రీధర్ గారు నన్ను చూసి చేతులు తిప్పారు. "చూడండి మీ శిష్యుణ్ణి. తొమ్మిదేళ్లు తిరిగి తిరిగి పర్మనెంట్ చేయించుకున్నాడు. ఒక్క సాయంత్రంలో పోగొట్టుకుంటాడు. చెప్పండి." అప్పుడే కంపెనీ జీపు వచ్చి ఆగింది. దాంట్లోంచి దిగినవారు పాస్టర్ గారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది. సెన్సార్ కోసం పంపని జీపును పాస్టర్ కోసం పంపారు! పక్క ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మీటర్ అడగడానికి ఎవరికీ నోరు రాలేదు, మందిరం నుంచి బోధకుణ్ణి తేవడానికి వచ్చింది.

శిఖరం మీద

పాస్టర్ గారు చెమట తుడుచుకుంటూ ట్యాంకు మెట్లెక్కారు. చెడ్డ మనిషి కాదాయన, భయపడ్డ మనిషి. రేకులు గుర్తుకొచ్చి ఉంటాయి.

"ఇసాక్, పొద్దున వాక్యం విన్నవు గదా. విశ్వాసం ఉన్నోనికి భయమెందుకు? పెద్దలకు లోబడాలె. వాళ్లు దిగితే ప్రభువు కాపాడుతడు. నేను ప్రార్థన జేస్త, నువ్వు లే నాయనా."

ఇసాక్ లేచి నిలబడలేదు గాని రెండు చేతులూ జోడించాడు.

"అయ్యగారూ, వాక్యం మీరు జెప్పిందే నేర్సుకున్న. గుడి శిఖరం మీద నిలవెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటరు అన్నది ఎవ్వరు?"

మాకెవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఇసాకే నాకు చెప్పాడు: యేసును అట్లా దూకమన్నది సైతాను. దేవుణ్ణి నమ్మితే దూకి చూపించు అన్నవాడు సైతాను. దేవుణ్ణి పరీక్ష పెట్టొద్దని దూకనివాడు యేసు. పాస్టర్ గారికి ఆ సంగతి తెలుసు గనకే ముఖం పాలిపోయింది. ఆయన "నువ్వు చెప్పేది నిజం" అని చాలా చిన్నగా అని, మెట్లు దిగి, జీపు ఎక్కకుండా గేటు దాకా నడిచి వెళ్లిపోయారు.

అక్కడ ఆగాల్సింది నేను. ఆగలేదు. సంగారెడ్డి హాల్లో సగంలో ఆగిన ఉపన్యాసం నా గొంతులోనే ఉంది. వెళ్లిపోతున్న పాస్టర్ గారి వీపు మీదికి, శ్రీధర్ గారి ముఖం మీదికి పది నిమిషాలు మాట్లాడాను. మతాన్ని మత్తుమందులా వాడుకుంటున్నారన్నాను. ప్రార్థనల పేరుతో మనుషుల ప్రాణాలతో ఆడుకుంటున్నారన్నాను. ప్రతి మాటా నిజమే. మహిపాల్ నోరు తెరుచుకుని విన్నాడు.

ఇసాక్ పూర్తిగా విన్నాడు. అయిపోయాక చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకు అందించాడు.

"అయ్యగారికి చెప్పుడు అయింది గద సార్. ఇగ గిది చెప్పుండ్రి."

అది ఆ రోజు పర్మిట్. కింద నా సంతకం ఉంది, శనివారం పొద్దున పెట్టింది. పైన ఆక్సిజన్ గడిలో అంకె లేదు. ఇసాక్ పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క మాట రాశాడు: చూడలేదు.

"మీటర్ నడవంగనే చూసి నింపుదమని తీసిన సార్. నడవలే. చూడనిది చూడలేదని రాసిన. ఇరవై పాయింట్ తొమ్మిది అని రాస్తే అబద్ధం సాక్ష్యం అయితది. అది వద్దన్నడు ప్రభువు. కింద మీ సంతకం ఉంది. చూసిండ్రా అంటె నేనేం జెప్పాలె?"

ఎంత మర్యాదగా అడిగాడు! కలం తీసి నా సంతకం కొట్టేశాను. ఇసాక్ మూత మీద నుంచి లేచి, ప్యాంటు దులుపుకుని, ముఖేష్ వాళ్లతో టీ తాగడానికి వెళ్లాడు.

సోమవారం మీటర్

కథలో అయితే ఇక్కడ మీటర్ అలారం కొట్టాలి. మర్నాడు పక్క ఫ్యాక్టరీ నుంచి మీటర్ అడిగి తెచ్చి, మూత తీసి, తాడుతో దించాం. పైన, నడుమ, అడుగున. ఆక్సిజన్ బాగానే ఉంది. విషవాయువు లేదు.

శ్రీధర్ గారు విరగబడి నవ్వారు. "చూశావటయ్యా? నీ పట్టుదలకి తనిఖీ వాళ్ల ముందు బురద ట్యాంకు చూపించాల్సి వచ్చింది. ఏమీ లేదు లోపల!"

"మంచిది సార్. మంచిగున్నదని ఇయ్యాల ఎరికైంది. నిన్న ఎరుక లేకుండె" అన్నాడు ఇసాక్.

కొత్త పిల్లలూ, ఈ రెండు వాక్యాలు ఏ ట్రైనింగ్‌లోనూ నేను చెప్పలేకపోయాను. ప్రమాదం జరగకపోవడం నువ్వు చూశావన్నదానికి సాక్ష్యం కాదు. వెయ్యిసార్లు చూడకుండా దించి, వెయ్యిసార్లూ మనిషి బతికి పైకొస్తే, వెయ్యి అబద్ధాలు బతికాయని అర్థం, అంతే. పైగా బురద కదలక ముందు గాలి బాగుంటే కదిలించాక బాగుంటుందని కాదు. ఆ రోజు అద్దె బ్లోవర్ పెట్టి, మీటర్ లోపలే వేలాడదీసి పని చేయించాం. ముఖేష్ వాళ్లు సాయంత్రానికి ముగించారు. ఎవరికీ ఏమీ కాలేదు.

వారం తిరక్కుండా ఇసాక్‌కు చార్జిషీటు ఇచ్చారు. ఆరోపణ: పై అధికారి ఆజ్ఞను ధిక్కరించడం, పని ఆపడం. శిక్ష ఏమిటో అందరికీ తెలుసు. ఉద్యోగం నుంచి తీసేయడమే.

విచారణ

విచారణాధికారిగా బయటి నుంచి ఒక వకీలును పెట్టారు. యాజమాన్యం తరఫు సాక్షిని నేను. ముందు రోజు శ్రీధర్ గారు నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఒక్క మాట చెప్పండి చాలు. మీరు శనివారం ట్యాంకు చూశాకే సంతకం పెట్టానని. అప్పుడు మీరు కొట్టేసేదాకా పర్మిట్ చెల్లినట్టే, వాడు ధిక్కరించినట్టు అవుతుంది. లేదంటే ఖాళీ పర్మిట్ల సంగతి మీ మెడకే చుట్టుకుంటుంది. మూడేళ్లుంది మీకు. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చూశాననే చెబుదామని వెళ్లాను. నాకు నేను చెప్పుకున్న సాకులు కూడా రాస్తాను, రేపు మీకూ అవే వస్తాయి గనక. ఇసాక్ పనిమంతుడు, ఎక్కడైనా బతుకుతాడు. నేను ఉంటేనే గదా లోపలి నుంచి మార్చగలను. ఒక్క అబద్ధం, ఎన్నో ప్రాణాల కోసం. చూశారా, హేతువాదికి హేతువులు ఎంత తేలికగా దొరుకుతాయో!

వకీలు అడిగిన ప్రశ్నలకు అటూ ఇటూ కాకుండా జవాబులు చెప్పాను. సంతకం నాదే, పద్ధతి ప్రకారమే, అని. తర్వాత ఆయన ఇసాక్ వైపు తిరిగి, సాక్షిని ఏమైనా అడుగుతావా అన్నారు. ఇసాక్ లేచి నిలబడ్డాడు. ఆ తెల్ల చొక్కాయే వేసుకొచ్చాడు.

"ఒక్కటే సార్. గా కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మీరు ట్యాంక్ కాడ ఉన్నరా?"

"సాధారణంగా సూపర్‌వైజర్ల మీద నమ్మకంతో..." అని మొదలుపెట్టాను.

నమ్మకం! నా నోట్లోంచి వచ్చిన మాట అది. ఏ మాటను ముప్పై ఏళ్లు సభల్లో తరిమానో ఆ మాట వెనకే దాక్కోబోయాను.

"గది గాదు సార్" అన్నాడు ఇసాక్, కోపం లేకుండా, గ్లవ్స్ లెక్క సరిచేసినట్టు. "ఉన్నరా, లేరా?"

"లేను."

వకీలు కలం ఆగింది. శ్రీధర్ గారు కిటికీ వైపు తిరిగారు. మళ్లీ అడగకముందే మిగతాది కూడా చెప్పేశాను: సొరుగు, ఖాళీ కాగితాలు, కట్టల నిండా ఒకే అంకె.

చెల్లని పర్మిట్ మీద పని చేయనన్నవాణ్ణి శిక్షించడం కుదరదని వకీలు రాశారు. ఇసాక్ ఉద్యోగం నిలిచింది, కాకపోతే మురికినీటి ప్లాంటు నుంచి స్టోర్‌కు మార్చారు. నాకు మెమో ఇచ్చి పర్మిట్ల పని తీసేశారు. మిగిలిన మూడేళ్లూ హెల్మెట్లే పంచాను. సొరుగుకు తాళం పడింది. కొత్త సెన్సార్ వచ్చింది. రెండో బ్లోవర్ కూడా వచ్చింది, ఈసారి కొబ్బరికాయ లేకుండా.

ఆ రోజు గది బయట, మెట్ల మీద, ఇసాక్‌ను అడిగాను.

"నేను అబద్ధం చెప్తే ఏం చేస్తుంటివి?"

"ఏం జేస్తుంటి సార్? ఇంటికి పోతుంటి."

"నీ దేవుడు కాపాడకపోతుండెనా?"

నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అదొక్కసారే. "కాపాడతడని మాట వినుడు బేరం సార్. ఆయన మాట గనక వింట. కాపాడుడు, కాపాడకపోవుడు ఆయన ఇష్టం."

"ఇంకా ఆ రేకుల షెడ్డుకే పోతున్నవా?"

"రేకులు మీ సార్‌వి. మందిరం ఆయనది గాదు గద."

నేను ఆ తర్వాత కూడా దేవుణ్ణి నమ్మలేదు. పైన ఎవరో చూస్తున్నారని ఇసాక్ అబద్ధం రాయలేదు. పైన ఎవరూ లేరని చెప్పే నేను చూడకుండానే రాశాను. ఈ రెండు వాక్యాలకు మధ్య నేను ఇరుక్కుపోయాను, వాదనతో బయటికి రాలేకపోతున్నాను. దేవుడు లేడని నిరూపించడం నాకు వచ్చు. ఎవరూ చూడనప్పుడు కూడా నిజమే రాయడం నాకు ఒక దేవుణ్ణి నమ్మినవాడు నేర్పాల్సి వచ్చింది.

ఆ పర్మిట్ నకలు నా బల్ల అద్దం కింద ఉంది. మా ఇంటికి వచ్చే పిల్లలకు ముందు అదే చూపిస్తాను. తేదీ, ట్యాంకు నంబరు, నా పేరు, నా హోదా, నా సంతకం, దాని మీద నేనే అడ్డంగా గీసిన గీత. అన్నీ ఇంగ్లీషులో, చక్కటి చేతిరాతతో. నడుమ గడిలో వంకర అక్షరాలతో తెలుగులో ఒక్క మాట. నేను ఆ గీత గీసేదాకా ఆ కాగితం మీద ఉన్న ఒకే ఒక్క నిజం అదే. అది నేను రాసింది కాదు.